గిన్నికోళ్ల గుర్తులు

కోతలైపోయిన చేలల్లో రాలిన గింజలు మేపడానికి బాతుల మంద దిగింది. కాపరులు చుట్టూ వల కట్టి, నాలుగు పక్కలా నాలుగు చుక్కల గిన్నికోళ్లను కాపలా పెట్టారు. నక్క కనబడితే చాలు, గిన్నికోడి గొంతు చించుకుంటుంది, వాళ్ల కుక్క పరిగెత్తుకొస్తుంది. పక్క తుప్పల్లో కాపురముంటున్న గుంటనక్క గవర్రాజుకి ఇది ప్రాణం మీదికొచ్చింది. బొరియలో పిల్లలు ఆకలికి సోలిపోతున్నారు. మందేమో రేపు పొద్దున్నే వేరే ఊరికి వెళ్లిపోతోందట.

"అవి నా ఒళ్లంతా చూసి అరవట్లేదే. ఎక్కడో ఒక్క గుర్తు పట్టుకుని అరుస్తున్నాయి. ఆ గుర్తు దాచేస్తే నేనూ వాళ్ల కుక్కలాంటివాణ్ణే," అన్నాడు పెళ్లాం అచ్చియ్యమ్మతో.

రోజుకో వేషం వేసి చూసే తీరిక లేదు. అందుకని మేనల్లుళ్లందర్నీ పిలిచాడు. ఒకడి తోక పొట్ట కిందికి మడిచి కట్టాడు. ఇంకొకడికి వాసన తెలియకుండా పేడ పూశాడు. మరొకడి చెవులకి గడ్డి చుట్టాడు. మిగిలినవాణ్ణి కుంటుతూ నడవమన్నాడు. పొద్దు వాలుతుండగా వల దాకా వెళ్లి తిరిగొచ్చెయ్యమని ఒకేసారి తలో పక్కకీ తోలి, తను మాత్రం గట్టు చాటున కూర్చున్నాడు. పెద్దరికమంటే అంతే మరి.

మూడు పక్కల గోల లేచింది. తోక కట్టినవాడు వెళ్లిన పడమటి పక్క మాత్రం చప్పుడే లేదు. గుర్తు తోకేనన్నమాట! గవర్రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

అచ్చియ్యమ్మకి మాత్రం నమ్మకం కుదరలేదు. ఒక్కో వేషం ఒక్కో కోడికే చూపించావు, అన్ని వేషాలూ అన్ని కోళ్లకీ చూపించాలి కదా అంది. అంత వ్యవధి లేదంటే, పోనీ పడమటి పక్క నుంచే వెళ్లమని బతిమాలింది.

"కోడి ఏ పక్కనున్నా కోడే," అని కొట్టిపారేశాడు గవర్రాజు. బలిసిన బాతులన్నీ తూర్పు పక్కనున్నాయి మరి.

గోల సద్దుమణిగాక తోక కట్టుకుని, దర్జాగా నడుస్తూ తూర్పు పక్క వల కిందకి తల దూర్చాడు. గిన్నికోడి అరిచిన అరుపుకి ఆ చేలు దద్దరిల్లాయి. కుక్క వచ్చి తొడ పట్టుకుంది. ఎలాగో విడిపించుకుని కాలవలో దూకి అవతలి గట్టెక్కాడు. నొప్పి కన్నా అవమానం ఎక్కువైంది.

"తోక కనబడలేదు కదా, ఎలా పోల్చావమ్మా?" అని అక్కణ్నుంచే అడిగాడు.

"తోక చూసేది మా పడమటి చెల్లెలు నాయనా. నేను నడక చూస్తాను."

"మరి తక్కినవాళ్లు?"

"అది వాళ్లనే అడగాలి," అంది గిన్నికోడి.

తడిసి ముద్దై, కుంటుకుంటూ బొరియకి చేరేసరికి పిల్లలు బాతు మాంసం తింటున్నారు. కుక్క ఆయన వెంటపడినప్పుడు అచ్చియ్యమ్మ తోక కట్టుకుని పడమటి పక్క నుంచి వెళ్లొచ్చింది.

"నీకూ ఒక కాలు ఉంచాను, తిను," అంది నవ్వు ఆపుకుంటూ.

ఒక్క కాపలాదారు గుట్టు తెలిసినవాడికి తెరుచుకునేది ఒక్క దారే.