చవుడు మట్టి రుచి

దగ్గరకు జరిగి కూర్చోండి తల్లులారా, దేవుణ్ణి తలుచుకుని చెబుతున్నాను, వినండి.

సముద్రం పక్క చవుడు నేలలో పైడమ్మ అనే ముసలి రైతు ఆరు మళ్లలో ఆరు రకాల వరి వేసేది. నడుము పడిపోయినా విత్తనాలు మాత్రం కాపాడుకుంటూ వచ్చింది.

ఒకనాడు రాజుగారి దివాను ఆ ఊరికి వచ్చి, అందరి ముందూ పైడమ్మతో, "ఇకపై రాజ్యమంతా సన్నవడ్లే పండాలి. నీ పాత విత్తనాలు తగలబెట్టు" అన్నాడు.

"చిత్తం దొరా," అంది పైడమ్మ నీరసంగా. "ఏ విత్తు వేయాలో చెప్పేవాళ్లు ముందు మట్టి రుచి చూడాలి, అది మా ఆచారం. నాకిక ఓపిక లేదు, తమరే చూడండి."

అంతమందిలో కాదనలేక దివాను మొదటి మడి మట్టి నాలుక మీద వేసుకున్నాడు. కాస్త ఉప్పన అన్నాడు. రెండోది చేదన్నాడు. మూడోది నోట పడగానే, "థూ! నీళ్లు, నీళ్లు!" అని అరిచాడు.

పైడమ్మ చెంబు అందించింది. "తమరు ఉమ్మేశారు దొరా. పైరుకు ఆ వీల్లేదు, నాలుగు నెలలూ అదే తాగాలి. ఆ మడిలో బతికే విత్తనం నా దగ్గర ఒక్కటే ఉంది. ముందు దాన్నే తగలబెట్టమంటారా?"

దివాను నోరు పుక్కిలించి, "ఆమె విత్తనాల జోలికి ఎవరూ పోకండి" అని పల్లకీ ఎక్కాడు. పైడమ్మ నిట్టూర్చి మళ్లీ నాట్లకు వంగింది.

ఎదుటివాళ్ల పొలానికి తీర్పు చెప్పాలనిపించినప్పుడు ఈ ఒక్క పని గుర్తుంచుకుని చేయండి తల్లులారా: ముందు ఆ మట్టి చిటికెడు నాలుక మీద వేసుకోండి.