అడకత్తెరకి అతికించిన తాళంచెవి

అనగనగా ఒక లంక. లంకంటే రావణాసురుడి లంక కాదు. బంగారమూ లేదు, రాక్షసులూ లేరు. గోదారి మధ్యలో ఇసక మేటవేసి, దానిమీద ఒండ్రు పేరుకుని, అరటితోటలు లేచిన లంక. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెబుతాను.

ఆ లంకలో రెండే ఇళ్ళు. ఒక ఇంట్లో అన్న పోలయ్య, అతని పెళ్ళాం సూరాయమ్మ. రెండో ఇంట్లో తమ్ముడు గవరయ్య, అతని పెళ్ళాం మాంకాళమ్మ, వాళ్ళ కూతురు బుల్లి, ఒక చంటాడు. రెండిళ్ళకీ కలిపి ఒకటే పడవ. ఉప్పు కావాలన్నా, జ్వరానికి మందు కావాలన్నా, అవతలి ఒడ్డుకి ఆ పడవే గతి.

పడవని ఒడ్డున పాతిన తాటిమొద్దుకి గొలుసుతో కట్టి, గొలుసుకి తాళం వేసేవాళ్ళు. ఎందుకంటే, ఒకసారి ఉత్త తాడుతో కట్టి ఊరుకుంటే, అరటిగెలల దొంగలు గెలలతో పాటు పడవనీ పట్టుకుపోయారు. ఆ తాళానికి రెండు తాళంచెవులు. అసలుది పోలయ్య మొలతాడుకి ఉండేది. మారుది ఎక్కడ పెట్టాలన్నదే రోజూ తగువు.

ముందు దాన్ని చూరులో దోపారు. ఇల్లు తిరగనేసినప్పుడు పాత తాటాకుతో పాటు అదీ పొయ్యిలోకి పోయింది. బూడిద జల్లించి తీశారు.

అప్పుడు చింతపండు కుండలో దాచారు. ఉప్పూ పులుపూ కలిసి ఇనుముని తినేశాయి. మళ్ళీ కొత్తది చేయించాల్సి వచ్చింది.

ఆ తర్వాత పోలయ్యకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. "మారుది కూడా నా మొలతాడుకే కట్టేస్తే పోలా? అసలుది పోయినా ఇది పక్కనే ఉంటుంది" అన్నాడు. నవ్వకు. పెద్దవాళ్ళంతా సరేనన్నారు. ఒకనాడు స్నానం చేస్తుంటే మొలతాడు తెగింది. రెండు తాళంచెవులూ కలిసి గోదాట్లో పడ్డాయి. అన్నదమ్ములిద్దరూ పొద్దువాలేదాకా బుడుంగు బుడుంగుమని మునిగితే గానీ దొరకలేదు.

అప్పుడు సూరాయమ్మ చెయ్యి చాచింది. "మీ తెలివి చాలు గానీ, మారుది ఇటు పారెయ్యండి" అంది.

సూరాయమ్మ అన్నం తినడం మరిచిపోతుందేమో గానీ వక్క నమలడం మరిచిపోదు. వక్క కత్తిరించే అడకత్తెర ఎప్పుడూ ఆవిడ నడుముకే, ఒక తాడుకి వేలాడుతూ ఉండేది. పొలానికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా అంతే. పడుకున్నా విప్పేది కాదు.

ఆవిడ అవతలి ఒడ్డు కమ్మరి దగ్గరికి వెళ్ళింది. అడకత్తెరకి రెండు కాళ్ళుంటాయి కదా, చేత్తో పట్టుకుని నొక్కేవి. ఒక కాలు చివర తాళంచెవిని కాల్చి అతికించమంది. కమ్మరి నవ్వాడు. "వక్క కత్తిరిస్తావా తల్లీ, పడవ కత్తిరిస్తావా?" అన్నాడు. "నువ్వు అతికించు నాయనా, ఏం కత్తిరించాలో నేను చూసుకుంటాను" అంది సూరాయమ్మ.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మాంకాళమ్మకి ఒళ్ళు మండిపోయింది. "పడవేమో ఉమ్మడిది. అసలు తాళంచెవి బావగారి మొలకి. మారు తాళంచెవి అక్క నడుముకి. మరి మాకేం మిగిలింది? గొలుసా?" అంది.

"గొలుసు కావాలంటే మెళ్ళో వేసుకో, నీకు నప్పుతుంది" అంది సూరాయమ్మ.

అంతే. ఆ రోజు నుంచీ తోడికోడళ్ళకి మాటల్లేవు. పక్కపక్క ఇళ్ళు, మధ్యలో దడి కూడా లేదు. ఏదైనా చెప్పాలంటే బుల్లితో చెప్పేవాళ్ళు. "బుల్లీ, కోళ్ళని గంపకింద కమ్మెయ్యమని మీ పెద్దమ్మతో చెప్పు" అని ఒకావిడ. "కమ్మేశానని మీ అమ్మతో చెప్పు" అని ఇంకొకావిడ. ఇద్దరూ బుల్లికి చెరోపక్కా నిలబడే అనేవాళ్ళు. చెవులు నొప్పెట్టేది ఆ పిల్లకే.

ఇంకోమాట చెప్పాలి, గుర్తుపెట్టుకో. కత్తీ, కత్తిపీటా, అడకత్తెరా ఎవరూ చేతికి చేత ఇవ్వరు. అలా ఇస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ పోట్లాట వస్తుందని నమ్మకం. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. మా అమ్మా అలాగే చేసేది, మీ అమ్మా అలాగే చేస్తుంది.

ఒకరోజు అరటిగెలల షావుకారు పెద్ద పడవ వేసుకుని లంకకి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ గెలలు ఎక్కించి, వాటితో పాటే సంతకి వెళ్ళిపోయారు. పోలయ్యతో పాటు అసలు తాళంచెవీ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి గోదారి ఎర్రబడింది. ఎర్రనీళ్ళు వచ్చాయంటే పైన ఎక్కడో కుంభవృష్టి కురిసిందన్నమాట. చూస్తూ చూస్తూ ఉండగానే నీళ్ళు రేవు మెట్టు దాటాయి. ఆ తర్వాత అరటితోటలోకి వచ్చాయి. ఆ తర్వాత పొయ్యిలోకి వచ్చి, నిప్పు చుయ్‌మని ఆరిపోయింది.

ఇంక ఇంట్లో ఉంటే లాభం లేదు. మాంకాళమ్మ చంటాడిని గంపలో పెట్టి నెత్తికెత్తుకుంది. సూరాయమ్మ బుల్లిని చంకనేసుకుంది. మోకాలి లోతు నీళ్ళలో పడవ దగ్గరికి వచ్చేసరికి అది నడుము లోతయింది. పిల్లల్ని పడవలో వేశారు. సూరాయమ్మ కూడా ఎక్కింది. ఏటి మధ్య కాపురం గానీ, ఆవిడకి ఈత రాదు. మాంకాళమ్మ పొడుగాటి మనిషి, ఈత వచ్చినది. ఆవిడ నీళ్ళలోనే ఉంది, తాళం తియ్యాలి కదా.

అప్పుడు చూసుకున్నారు. గొలుసు పొట్టిది. దాన్ని మొద్దుకి అడుగున చుట్టి తాళం వేశాడు పోలయ్య. నీళ్ళు పెరుగుతున్న కొద్దీ పడవ పైకి లేవాలి. గొలుసు లేవనివ్వడంలేదు. పడవ వెనకభాగం లేస్తోంది, ముక్కు కిందకి వంగుతోంది. ఇంకొంచెం వంగితే ముక్కులోంచి నీళ్ళు ఎక్కేస్తాయి. ఎక్కితే పడవ మునుగుతుంది. పడవలో గంప, గంపలో చంటాడు.

మాంకాళమ్మ నీళ్ళలో మునిగి, తడిమి తాళం పట్టుకుంది. పైకి తేలి ఊపిరి పీల్చుకుంది. అప్పటికీ ఏమందో తెలుసా? "బుల్లీ! ఆ అడకత్తెర పెట్టమని మీ పెద్దమ్మతో చెప్పు!"

సూరాయమ్మ నడుముకున్న తాడు విప్పకుండానే అడకత్తెర తీసి, అలవాటు కొద్దీ పడవ అంచు మీద పెట్టింది. మాంకాళమ్మ చెయ్యి చాచేలోపల ఒక దుంగ కొట్టుకొచ్చి పడవకి తగిలింది. అడకత్తెర జర్రున జారింది. సూరాయమ్మ దానిమీద పడి అరచేత్తో అదిమిపట్టింది. పళ్ళు బల్లకి కొట్టుకుని పెదవి చిట్లింది.

"సరిగ్గా పెట్టమను బుల్లీ!" అని అరిచింది మాంకాళమ్మ.

ఈసారి ముక్కు దగ్గర బల్ల మీద పెట్టింది. పడవ ఇంకా వంగింది. బల్ల ఏటవాలైపోయింది. అడకత్తెర జారి నీళ్ళలో పడింది. బుల్లి కెవ్వుమంది. కానీ తాడు ఉంది కదా, నడుముకి. సూరాయమ్మ గబగబా చేదుకుంది, బావిలోంచి చేదని లాగినట్టు. పైకి వచ్చింది.

"తాడుతోనే అందుకోమను మీ అమ్మని" అంది సూరాయమ్మ. మాంకాళమ్మ అందుకోబోయింది. తాడు పొట్టిది. పడవ అంచుదాకా వస్తుంది గానీ నీటి అడుగున ఉన్న తాళందాకా రాదు. ముడి విప్పుదామంటే తడిసి బిగుసుకుపోయింది. గోళ్ళు విరిగాయి గానీ ముడి కదల్లేదు.

అప్పుడు పడవ ముక్కులోంచి మొదటి అల లోపలికి వచ్చింది. గంప అడుగు తడిసింది. చంటాడు నిద్రలేచి గుక్కపట్టాడు.

సూరాయమ్మ అడకత్తెర తెరిచింది. దాని తాడునే దాని నోట్లో పెట్టి నొక్కింది. ఒక నొక్కు, రెండో నొక్కు, మూడో నొక్కుకి తాడు పటుక్కున తెగింది. ఇప్పుడు అడకత్తెరకి తాడు లేదు. ఇంకోసారి జారితే గోదారి అడుగుకే.

చుట్టూ చూసింది. ఎక్కడ పెడుతుంది? అరుగు లేదు, గట్టు లేదు, ఉన్న బల్ల ఏటవాలు. అన్నిచోట్లా నీళ్ళే. చేతికి చేత ఇవ్వాల్సిందే.

చెయ్యి సగం చాచి ఆగిపోయింది. మాంకాళమ్మ కూడా చెయ్యి సగం చాచి ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాటలు పోయాక ఒకరి కళ్ళలోకి ఒకరు చూడటం అదే మొదటిసారి.

అప్పుడు మాంకాళమ్మ అంది, బుల్లితో కాదు, సూటిగా ఆవిడతోనే. "ఇంకా ఏమిటే ఆలోచిస్తావ్ అక్కా! చేతికి చేత ఇస్తే పోట్లాట వస్తుందనా? మనకి రావలసిన పోట్లాట ఎప్పుడో వచ్చేసింది. కొత్తగా వచ్చేదేముంది? ఇలా పారెయ్!"

సూరాయమ్మ ఇచ్చింది. మాంకాళమ్మ చేతిలో పెట్టి, వేళ్ళు తనే మడిచి, అప్పుడు వదిలింది.

మాంకాళమ్మ మునిగింది. బుడగలు వచ్చాయి. ఆ తర్వాత బుడగలు కూడా రాలేదు. బుల్లి అంచు పట్టుకుని నీళ్ళలోకే చూస్తోంది. సూరాయమ్మ ఒక చేత్తో గంప పైకెత్తి, రెండో చేత్తో కొబ్బరిచిప్పతో నీళ్ళు తోడుతూనే ఉంది.

కింద ఏమయిందంటే, తాళంలో ఒండ్రు నిండిపోయింది. తాళంచెవి దూరింది గానీ తిరగలేదు. మామూలు తాళంచెవి అయితే తడిచేతిలో జారిపోయేదే. కానీ ఇది అడకత్తెర. మాంకాళమ్మ రెండో కాలుని అడ్డంగా తెరిచింది. అది పిడిలా చేతినిండా అందింది. రెండు చేతులతో పట్టుకుని, ఒంట్లో ఉన్న కోపమంతా పెట్టి తిప్పింది. కోపానికేం, నెలల తరబడి దాచుకున్నది, బోలెడుంది.

టక్‌మంది.

గొలుసు జారిపోయింది. పడవ ముక్కు ఒక్కసారిగా పైకి లేచింది. ఏరు పడవని లాక్కుపోతోంది, మాంకాళమ్మ ఇంకా నీళ్ళలోనే ఉంది! సూరాయమ్మ పొట్టమీద బోర్లా పడుకుని చెయ్యి నీళ్ళలోకి పెట్టింది. ఏది అందితే అది పట్టుకుంది. జుట్టుముడి అందింది. అలాగే లాగింది. ముందు తల వచ్చింది, ఆ తర్వాత భుజాలు, ఆ తర్వాత మనిషంతా పడవలోకి వచ్చిపడింది. కుడిచేతి గుప్పిట్లో అడకత్తెర అలాగే ఉంది.

చేతికి చేత ఇచ్చుకున్నారు కదా, మరి పోట్లాడుకున్నారా అంటావా? ఎందుకు పోట్లాడుకోలేదూ! చెరో తెడ్డూ వేస్తూ, పడవ గట్టుకి చేరకముందే మొదలుపెట్టారు.

"జుట్టు పట్టుకుని లాగుతావా? సగం ఊడొచ్చింది!"

"జుట్టు పోతే మొలుస్తుంది. నువ్వు పోతే ఈ పిల్లల్ని నేను సాకాలా?"

"నువ్వు సాకితే వాళ్ళు పళ్ళు రాకముందే వక్క నములుతారు!"

బుల్లి మధ్యలో కూర్చుని రెండు చెవులూ మూసుకుంది. కానీ నవ్వుతూ మూసుకుంది. ఆ పిల్లతో ఇంక ఎవరూ కబురు చెప్పించడంలేదు మరి.

ఏటిగట్టు మీద అన్నదమ్ములిద్దరూ అటూ ఇటూ పరిగెడుతున్నారు. పోలయ్య చేతిలో అసలు తాళంచెవి ఉంది. అంతసేపూ దాన్ని పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు, పాపం. సూరాయమ్మ గట్టెక్కుతూనే దాన్ని లాక్కుంది.

వరద తీశాక ఆవిడ మళ్ళీ కమ్మరి దగ్గరికి వెళ్ళింది. ఈసారి మాంకాళమ్మనీ తీసుకెళ్ళింది. అసలు తాళంచెవిని మాంకాళమ్మ సున్నం డబ్బీకి అతికించమంది. సున్నం డబ్బీ కూడా ఎప్పుడూ నడుముకి ఉండేదే. "ఇంకేం, ఇప్పుడు సరిపోయిందా?" అంది. "గొలుసు ఎవరికి మరి?" అంది మాంకాళమ్మ. "మొగాళ్ళకి" అంది సూరాయమ్మ.

ఆ తర్వాత ఒక ఇంట్లో అడకత్తెర, ఒక ఇంట్లో సున్నం. వక్క లేకుండా కిళ్ళీ లేదు, సున్నం లేకుండా నోరు పండదు. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ ఒక చోట కూర్చోక తప్పేది కాదు. అడకత్తెరని చేతికి చేత ఇచ్చుకునేవాళ్ళు, తనివితీరా పోట్లాడుకునేవాళ్ళు, ఎర్రగా నోరు పండించుకుని లేచేవాళ్ళు.

వక్కేమో అక్కది, సున్నమేమో చెల్లిది,
నోరు పండినాక ఎరుపు ఇద్దరిదీ.
తాళం ఊడింది, పడవ కదిలింది,
కథ కంచి చేరింది, మనకి ఇల్లు మిగిలింది.

ఇంక కళ్ళు మూసుకో.