బోదమ్మను మళ్ళీ అడగడం

కృష్ణ ఒడ్డున కొండమీది విహారంలో మందుల గది కాలిపోయింది. ఆ విషయం విచారించే పని విమలుడనే భిక్షువుకు అప్పగించారు.

మొదట, మందుల పని చూసే చందకుడనే భిక్షువుమీద మోపిన నేరం అజాగ్రత్త. దీపం గదిలో మరిచిపోయానని అతనే ఒప్పుకున్నాడు. కొండ కింద ఉంటూ, ఆ సాయంత్రం మందుకోసం పైకి వచ్చిన ముసలి బోదమ్మ కూడా, దీపం పట్టుకుని లోపలికి వెళ్ళింది ఇతనేనని చెప్పింది.

ఆ తర్వాత నేరం మారింది. మందుల పని తననుంచి తీసేస్తున్నారన్న కోపంతో చందకుడు కావాలనే తగలబెట్టాడని ఇద్దరు భిక్షువులు అన్నారు. అదే నిజమైతే అతను విహారం వదిలి వెళ్ళాలి.

విమలుడు తన ఆచార్యుడి దగ్గరికి వచ్చాడు.

“రేపు తీర్పు చెప్పేస్తాను, ఆచార్యా.”

“బోదమ్మను మళ్ళీ అడిగావా?”

“ఆమె చెప్పాల్సింది చెప్పేసింది. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లన్నీ మళ్ళీ ఎక్కించడమెందుకని...”

ఆచార్యుడు వాకిట్లోకి చూశాడు. “కాసిని నీళ్ళు తెచ్చిపెట్టు, నాయనా.”

విమలుడు చిన్న ముంతతో చల్లటి నీళ్ళు తెచ్చాడు. ఆచార్యుడు లేచి, వాకిట్లో వాడిపోయిన ఉసిరి మొక్క మొదట్లో పోశాడు. మట్టి పైపైనే తడిసింది.

“మొక్కకని చెప్పి ఉంటే కడవతో తెచ్చేవాణ్ణి,” అన్నాడు విమలుడు నొచ్చుకుని.

“నువ్వు తెచ్చినదాంట్లో తప్పేం లేదు,” అన్నాడు ఆచార్యుడు, అతని భుజంమీద చెయ్యి వేసి.

విమలుడు ఖాళీ ముంత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత చందకుణ్ణి వెంటబెట్టుకుని కొండ దిగాడు.

బోదమ్మ అరుగుమీద పత్తి ఏకుతోంది.

“అమ్మా, ఈయన కావాలనే నిప్పు పెట్టాడంటున్నారు. అందుకని మళ్ళీ వచ్చాం.” విమలుడు చందకుడి వైపు తిరిగాడు. “నువ్వు కూడా అడగవచ్చు.”

చందకుడు తల వంచుకున్నాడు. “ఏం అడగను? దీపం నాదే.”

“అయితే నేనే అడుగుతాను. మంటలు లేచాక ఈయన ఏం చేశాడమ్మా?”

“లోపలికి ఉరికాడు సామీ. వద్దని నేను అడ్డం నిలబడ్డా ఆగలేదు. జబ్బుపడ్డ వాళ్ళ కషాయాలని ఏడుస్తూ, చేతికందిన కుండలన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు.”

విమలుడు ఆమె ఎదుట కూర్చున్నాడు. “ఆ రోజు ఇది చెప్పలేదేమమ్మా?”

“దీపం ఎవరు తీసుకెళ్ళారని కదా అడిగారు.” ఆమె మొహంలో బెదురు కనిపించింది. “అప్పుడు నేను తప్పు చెప్పానా సామీ?”

విమలుడు తల అడ్డంగా ఊపి ఆమెకు చేతులు జోడించాడు. కొండెక్కేటప్పుడు చందకుడి చెయ్యి పట్టుకున్నాడు.