గుట్ట మీది వైద్యుడు, వాగు గట్టు మీది నక్క

గుట్ట మీద గుహలో ఒక కొండముచ్చు వైద్యం చేసేవాడు. హస్తవాసి మంచిదే, నోరే మంచిది కాదు. సూరమ్మ అనే గాడిద ఒకసారి దగ్గుతో వెళితే, "ఒంటి నిండా ఆ మురికేంటి? రోగం రాక ఏమొస్తుంది?" అని అందరి ముందూ కసిరాడు. వరసలో ఉన్న మేకలు కిసుక్కున నవ్వాయి. సూరమ్మ మళ్లీ గుట్ట ఎక్కలేదు.

కొన్నాళ్లకు ఆమె గిట్టలో తుమ్మముల్లు దిగింది. కుంటుకుంటూ వాగు దాటుతుంటే గట్టు మీద నక్క పలకరించింది.

"అయ్యో అత్తా, ఎండన పడి వస్తున్నావు. కూర్చో, కాసిని నీళ్లు తాగు. నా దగ్గర పసరుంది, రాస్తాను."

పసరు రాయించుకున్నాక సూరమ్మకు మనసు తేలికపడింది. కాలు మాత్రం వాచింది.

"తగ్గలేదు అల్లుడూ."

"తగ్గేముందు వాస్తుంది అత్తా. ఇంకో పూత వేద్దాం."

ఆ మాటలు నమ్మి ఆమె అలాగే తిరిగింది. చివరికి కాలు నేల మీద మోపలేని రోజు వచ్చింది. ఆ రోజు గట్టు మీద నక్క లేదు. గత్యంతరం లేక సూరమ్మ గుట్ట ఎక్కింది.

గుహలో నక్క నోరు తెరుచుకుని కూర్చుంది. కొండముచ్చు దాని గొంతులోంచి చేపముల్లు లాగుతున్నాడు.

"నీ పసరు ఏమైంది అల్లుడూ?" అంది సూరమ్మ.

ముల్లు ఊడిరాగానే నక్క తోక ముడుచుకుని బయటికి జారుకుంది. మేకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

కొండముచ్చు ఆమె కాలు చూశాడు. "ఇంతవరకూ ఏం చేస్తున్నావు? బుద్ధుందా?"

సూరమ్మ వెనక్కి తిరగబోయి ఆగింది.

"గుట్ట ఎక్కలేక కాదయ్యా, నీ నోటికి జడిసి రాలేదు. వాడి మందు మీద నాకూ అనుమానమే. కానీ వాడు కూర్చోమన్నాడు."

కొండముచ్చు తల దించుకున్నాడు. తర్వాత తనే ముంతతో నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"కూర్చో సూరమ్మా. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి?"

ముల్లు వచ్చింది, చీమూ పోయింది. ఆలస్యమైనందుకు నడకలో చిన్న కుంటు మాత్రం మిగిలిపోయింది.

నక్క గట్టు మీద ఎప్పటిలాగే తియ్యగా పిలుస్తూనే ఉంది. జంతువులన్నీ ఆ పిలుపు విని, దాని పక్కనుంచే గుట్ట ఎక్కిపోయేవి.

నీతి: వైద్యం తెలిసినవాడు ఆదరించడం నేర్చుకోకపోతే, రోగులు ఆదరించడం మాత్రమే తెలిసినవాడి పాలబడతారు.