ఓబులేసు బ్రేకులు

హుస్సేనప్పను ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు చేతికి పానా వచ్చేది, జవాబు ఆ తర్వాత. కొందరికి జవాబు రానే లేదు, పానాతోనే సరిపెట్టుకున్నారు. ఘాటు రోడ్డు మొదట్లో ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. పగలంతా జీపులూ ట్రాక్టర్లూ బాగుచేసేవాడు. గురువారం సాయంత్రం అదే షెడ్డులో గోనెపట్టాలు పరిచి, ముప్పైమంది శిష్యులకు అచల వేదాంతం బోధించేవాడు. ఇరవై ఏళ్లలో ఆయన గొంతు పెరగడం ఆ ముప్పైమందిలో ఒక్కరూ వినలేదు.

వాళ్లలో ఓబులేసు ఒకడు. పాత జీపు తోలేవాడు. పొద్దున్నే పదకొండుమంది కూలి ఆడవాళ్లను ఘాటెక్కించి పైనున్న టమోటా తోటల్లో దింపడం, సాయంత్రం మళ్లీ కిందికి తేవడం అతని పని. మనిషి మంచివాడే, నోటితోనే చిక్కు. టీలో చక్కెర తక్కువైనా అరుపే, బస్సువాడు హారన్ కొట్టినా అరుపే, ఎదురుగా వచ్చినవాడు నవ్వినా అరుపే.

ఒకరోజు పొద్దున పదింటికి అతను జీపును షెడ్డు ముందు ఆపి, దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

"స్వామీ, ఈ కోపాన్ని చంపుకునేది ఎట్లనో చెప్పు! లేకుంటే ఇది నన్ను చంపేట్టుంది!"

జరిగింది ఇదీ. ఘాటులో మూడో మలుపు దగ్గర, లోయవైపు ఉన్న అడ్డుగోడ పోయినేడు వానలకు కూలిపోయింది. దాన్ని కట్టే పని పట్టిన కాంట్రాక్టరు ఉత్తి రాళ్లు పేర్చి, పైన పలచగా గచ్చు మెత్తి, సున్నం కొట్టి, గోడ అన్నాడు. సున్నం! మనుషుల ప్రాణాలకూ రెండువందల అడుగుల లోయకూ మధ్య ఆ పెద్దమనిషి అడ్డం పెట్టింది సున్నం! ముందురోజు సాయంత్రం ఓబులేసు ఆడవాళ్లతో దిగి వస్తుంటే ఆ మలుపులోనే బ్రేకు పట్టలేదు. పెడలు గట్టిగానే ఉంది, బండి మాత్రం నిలవలేదు. ఒకటో గేరు వేసి, కొండవైపు మట్టిగట్టుకు గుద్ది ఎట్లాగో ఆపాడు. ఆ ఊపులో జీపు తోక పోయి గోడకు కాస్త తగిలింది. తగిలినంత మాత్రానికే మూడు రాళ్లు లోయలోకి దొర్లాయి. అవి కిందికి పోయిన చప్పుడు జీపులో ఉన్నవాళ్లందరూ విన్నారు.

ఊళ్లోకి రాగానే ఓబులేసు పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి గొంతు చించుకున్నాడు. జనం చేరారు, విన్నారు, నవ్వారు. "మొన్న చక్కెరకు కూడా ఇదే అరుపు గదప్పా" అన్నాడొకడు. ఆ గోడను చూడడానికి ఇంజనీరు ఈరోజు మూడింటికి వస్తున్నాడు. ఆయన సంతకం పెట్టి పోతే గోడ అట్లాగే ఉండిపోతుంది, ఇంక అడిగే దిక్కుండదు. అయినా ఆడవాళ్లకు పెద్దగా ఉండే నాగమునెమ్మ, ఆయనతో మాట్లాడడానికి తాము మలుపు దగ్గరికి నడిచిపోతామని, ఓబులేసును మాత్రం రావద్దని మొహానే చెప్పేసింది.

"ఏమనిందో తెలుసునా స్వామీ? 'నువ్వు నోరు తెరిస్తే ఆయప్పకు నీ నోరే కనపడతాది, గోడ కనపడదు' అనింది! నా జీపులో కూచునే మనిషి, నన్ను!"

హుస్సేనప్ప అతని చేతికి పానా ఇచ్చాడు. "వెనక చక్రాలు విప్పు."

ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, చక్రం విప్పారు. లోపలి డ్రమ్ము ఎంత లాగినా రాలేదు.

"ఎవరు బిగించినారు దీన్ని?"

"నేనే. నా బండికి పెడలు మీద కాలు పెడితే చాలు, పట్టుకోవాల" అన్నాడు ఓబులేసు గర్వంగా. ఆ ఘాటులో డ్రైవర్లందరికీ ఉన్న పిచ్చే ఇది. పెడలు లోతుకు పోయే బండి తోలేవాణ్ణి వాళ్లు డ్రైవరు కింద జమకట్టరు.

బ్రేకును బిగించే అడ్జస్టరు వదులుచేసి సుత్తితో నాలుగు తట్లు తడితే డ్రమ్ము ఊడివచ్చింది. మాడు వాసన గుప్పుమంది. డ్రమ్మును లోపలినుంచి ఒత్తి పట్టే బ్రేకు షూల మీది లైనర్లు రివెట్ల దాకా అరిగిపోయాయి. ఆ రివెట్లు రుద్దుకుని డ్రమ్ము లోపల గీతలు పడ్డాయి. షూలను వెనక్కి లాగాల్సిన స్ప్రింగులు వేడికి సాగి చచ్చుబడ్డాయి. రెండో చక్రం విప్పితే అక్కడా అదే సంగతి.

"లైనర్లు అమ్మినవాడు దొంగ!" అని అరిచాడు ఓబులేసు. "స్ప్రింగులు చేసినవాడు ఇంకా పెద్ద దొంగ!"

"నువ్వు తొక్కినా తొక్కకపోయినా ఇది రుద్దుకుంటానే ఉండాది" అన్నాడు హుస్సేనప్ప. "దోవ పొడుగునా పట్టుకునింది. పట్టుకోవాల్సిన కాడ పట్టలే."

పాత షూలు తీసేసి, కొత్తవి వేసి, కొత్త స్ప్రింగులు తగిలించి, లేతు మిషన్ మీద నునుపు చేయించి ఉంచిన వేరే డ్రమ్ములు ఎక్కించేసరికి ఒంటిగంట దాటింది. చక్రం ఆగేదాకా అడ్జస్టరు బిగించి, మళ్లీ చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వదలమన్నాడు హుస్సేనప్ప. ఓబులేసు వదిలాడు. గురువు అటు తిరగ్గానే మళ్లీ ఒక చుట్టు బిగించాడు. హుస్సేనప్ప వచ్చి చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. అది బరబరమని అర చుట్టు తిరిగి నిలిచిపోయింది.

ఆయన ఒక్క క్షణం ఆ చక్రాన్నే చూశాడు. తర్వాత కిందున్న మాడిపోయిన షూను తీసి నేలకేసి కొట్టాడు.

"పదకొండుమంది! పదకొండుమంది ఆడబిడ్డలను ఎక్కించుకోని, మాడిపోయిన బ్రేకుతో ఘాటు దించినావు! నిన్న సచ్చి బతికి, ఈపొద్దు మళ్లీ అదే పని చేస్తావా? వాళ్ల ప్రాణాల కంటే నీ పెడలు ఎక్కువయిందా నీకు? సిగ్గుండాదా?"

ఎదురుగా హోటల్లో దోసె తిప్పేవాడి చెయ్యి ఆగిపోయింది. రోడ్డు మీద మోగుతున్న బస్సు హారన్ ఆగిపోయింది. ఘాటు వైపు నడిచిపోతున్న నాగమునెమ్మ, వెంట ఉన్న ఆడవాళ్లు షెడ్డులోకి పరుగెత్తుకొచ్చారు. "హుస్సేనప్ప సామి అరిచినాడా? ఏమి ఘోరం జరిగిందమ్మా?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. అక్కడ నవ్వినవాళ్లు లేరు. తప్పు పెద్దదేనని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది.

ఓబులేసు మోకాళ్ల మీద కూచుని, తానే అడ్జస్టరు వదులుచేశాడు. చక్రం తిప్పాడు. అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. రెండో పక్కా అట్లాగే చేశాడు. హుస్సేనప్ప బండిని రోడ్డు మీద తోలి, రెండుసార్లు గట్టిగా ఆపి చూసి, వెనక్కి తెచ్చి నిలిపాడు. దిగి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఎప్పటి గొంతుతోనే టీ చెప్పాడు.

టీ వచ్చింది. చక్కెర వెయ్యడం మరిచినట్టున్నారు. ఓబులేసు మాట్లాడకుండా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అయితే కోపం తీసెయ్యమంటావా, స్వామీ?" అన్నాడు చిన్నగా.

"బ్రేకు తీసేసి ఘాటెక్కమని నేనెప్పుడైనా చెప్పినానా?"

నాగమునెమ్మ నేల మీది మాడిన షూను చూసింది, ఓబులేసును చూసింది. తర్వాత పోయి జీపులో ముందు సీట్లో కూచుంది. "ఎక్కండమ్మా" అని మిగతావాళ్లను పిలిచి, "రెండున్నరయింది. వస్తావా రావా, ఓబులన్నా? ఆ రాళ్లు పడిన చప్పుడు నువ్వే చెప్పాల" అంది.

ఓబులేసు ఎక్కి బండి స్టార్టు చేశాడు. ఎదురు హోటల్లోంచి ఎవడో కేక వేశాడు: "ఏమప్పా ఓబులేసూ, గట్టిగా అరువు, మాకిక్కడికి వినపడాల!"

ఓబులేసు మొహం ఎర్రబడింది. తల బయటికి పెట్టి నోరు తెరిచాడు. అప్పటికే హుస్సేనప్ప చెయ్యి జీపు తలుపు మీద పడింది.

"మూడో మలుపు వచ్చేదాకా తొక్కొద్దు నాయనా."