నాలుగు గంటల గొడుగు

పార్వతీపురం బస్టాండు వెనక సందులో డీటీపీ సెంటరు నడిపే జోగారావు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరు ఏ జబ్బు చేసిన యంత్రాన్ని పట్టుకొచ్చినా ఆయన ముందు దాన్ని ముట్టుకోరు. ఫోను పెనంలా కాలిపోతోందన్నా, ప్రింటరు కాగితాలు నమిలేస్తోందన్నా, రాత్రి బాగున్న కంప్యూటరు తెల్లారేసరికి నీలం తెర వేసుక్కూర్చుందన్నా, కళ్ళజోడు తుడుచుకుంటూ ఒకే మాట అడుగుతారు. "ఆఖరుసారి ఎప్పుడు బాగా పనిచేసింది? అప్పుడు దాంతో ఏం చేస్తున్నారు?" వచ్చినవాళ్ళకి ఒళ్ళు మండిపోతుంది. ఓటీపీ వచ్చి పోతోందిరా దేవుడా అని వాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, ఈయన సంబంధం చూడ్డానికి వచ్చినట్టు తీరిగ్గా వివరాలడుగుతారు మరి. ఒకసారి ఒకావిడ, కొత్త ఫోను వారం రోజులుగా మోగడం లేదు, మూగదైపోయిందని ఏడుపుమొహంతో వచ్చింది. ఆఖరుసారి ఎప్పుడు మోగిందమ్మా అన్నారు. మా మరిది పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టేటప్పుడు మోగింది, అందరూ నాకేసే చూశారు, సిగ్గుతో చచ్చిపోయాను అంది. మాస్టారు ఫోను పక్కనున్న, చప్పుడు ఆపే చిన్న మీట ఒక్కటి పైకి జరిపి చేతికిచ్చారు. అది మోగగానే ఆవిడ మొహం చూడాలి!

శిష్యుల ప్రశ్నలతోనూ ఆయన తీరు అంతే. సూటిగా జవాబు చెప్పరు. గౌరీశ్వరి ఆయన దగ్గర టైపు నేర్చుకోవడానికి వచ్చి, నేర్చుకున్నాక అక్కడే పనిలో కుదిరి, ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆయన నోటివెంట తిన్నగా ఒక్క సమాధానం వచ్చిన జ్ఞాపకం ఆమెకు లేదు. అయినా మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, టిఫిను గిన్నె కడిగి వచ్చి, ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, ఒక మనిషి మాటకి ఇంక అర్థం లేదని ఎప్పుడు ఒప్పుకోవాలి?"

ఆమె చేతిలో ఒక దరఖాస్తు ఉంది. విశాఖలో మంచంపట్టినవాళ్ళని చూసుకునే ఆశ్రమానిది. నాలుగు నెలల కిందట గౌరీశ్వరి అత్త బంగారమ్మకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. నెలరోజులకి మాట వచ్చింది గానీ, వచ్చిన మాట అంతా తిరకాసే. కన్నకొడుకుని "రిక్షా" అని పిలుస్తుంది. నీళ్ళు కావాలంటే "గడియారం" అంటుంది. ఇక సాయంత్రం నాలుగయ్యేసరికి "గొడుగు, గొడుగు" అని ఒకటే గోల. ఆకాశంలో మబ్బు తునక లేదు, వానచుక్క పడి ఎన్నాళ్ళయిందో! పగలు కనిపెట్టుకుని ఉండే పక్కింటావిడ విసిగిపోయి ఒకరోజు నిజంగానే గొడుగు తెచ్చి చేతికిస్తే, బంగారమ్మ ఎడం చేత్తో దాన్ని కిటికీకేసి విసిరికొట్టి భోరున ఏడ్చిందట. అది విన్నాక గౌరీశ్వరి భర్త, అమ్మకి మతి పోయింది, ఇంక మనవల్ల కాదు అని తేల్చేశాడు. దరఖాస్తు అంతా తనే నింపి, ఒక్క గడి మాత్రం భార్యకి వదిలేశాడు. "రోగి చెప్పేది ఇంట్లోవారికి అర్థమవుతుందా? అవును, కాదు." నువ్వే కదా దగ్గరుండి చూసుకునేది, నువ్వే టిక్కు పెట్టు, సాయంత్రం పంపేద్దాం అన్నాడు.

అతన్ని తప్పుపట్టడానికి ఆమెకి నోరు రాలేదు. అలాగని చెయ్యీ రాలేదు. చంటిపిల్లని వదిలేసి కంప్యూటరు నేర్చుకోవడానికి పోతుందా అని వీధివీధంతా బుగ్గలు నొక్కుకున్నప్పుడు, పిల్లని చంకనేసుకుని "నువ్వెళ్ళవే, నేను చచ్చాననుకున్నావా?" అన్న మనిషి ఆ బంగారమ్మ.

మాస్టారు దరఖాస్తు చదివారు. వెనక్కి తిప్పి, వెనక కూడా ఏమైనా ఉందేమోనని చూశారు. కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అంతలో గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

వచ్చినాయన లక్ష్ముంనాయుడు. పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. రుమాలు కొసన వేసిన ముడి విప్పి, పెన్‌డ్రైవు బయటికి తీశాడు. ఊరూరా తిరిగి నేర్చుకున్న పశువైద్యమంతా ఒక్క వేలితో, తొమ్మిదేళ్ళు కూర్చుని, తనే టైపు చేసుకున్నాడట. నాలుగొందల పేజీలు. పాత కంప్యూటరు కాలిపోతే తూకానికి వేసేశారు. అల్లుడు కొత్తది కొనిచ్చాడు. అందులో పెట్టి తెరిస్తే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"రెండు షాపులు తిరిగినాను బాబూ. వైరసు తినేసినాదంట. ఇంకెక్కడా కాపీ లేదు. ఇదొక్కటే."

"చూడమ్మా" అన్నారు మాస్టారు గౌరీశ్వరితో.

ఆమె పెన్‌డ్రైవు పెట్టి ఫైలు తెరిచింది. తెర నిండా నెత్తిన చుక్కలూ కొమ్ములూ మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, విరిగిన గీతలు. పదో పేజీ చూసింది, నూరో పేజీ చూసింది, చివరి పేజీ కూడా చూసింది. అంతా అదే చెత్త. తెలుగన్నది మచ్చుకైనా లేదు. ఆమెకి జాలేసింది. జాలిపడ్డ చోట నాన్చకూడదని ఆమె నమ్మకం.

"పాడైపోయింది నాయుడుగారూ. ఏమీ మిగల్లేదు. ఇది ఉంచుకుని రోజూ చూసుకున్నా బాధే గానీ లాభం లేదు. చెరిపేసి శుభ్రం చేసిస్తాను, మళ్ళీ మొదట్నించి రాసుకోవచ్చు."

"నాలుగొందల పేజీలూనా?" అన్నాడాయన. ఆ మాట ఎంత చిన్నగా అన్నాడంటే, ఫ్యాను చప్పుడులో సగం కలిసిపోయింది. తర్వాత తల వంచుకుని, సరే కానీమన్నట్టు చెయ్యి ఊపాడు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, మళ్ళీ మొదట్నించి అంటే ఏమిటో ఆయనకి తెలుసు. గౌరీశ్వరి ఫైలు మూసి, దాని మీద డిలీటు నొక్కింది. నిజంగా చెరిపెయ్యమంటావా అని కంప్యూటరు అడిగింది. ఆమె వేలు ఇంకా లేవనే లేదు, మాస్టారి చెయ్యి వచ్చి మౌసుని కప్పేసింది.

"ఆగు" అన్నారు. నాయుడుగారికేసి తిరిగి, "ఆఖరుసారి ఎప్పుడు బాగా కనిపించింది? అప్పుడేం రాస్తున్నారు?" అని అడిగారు.

"రెండేళ్ళ కిందట, దీపావళి ముందు. గాలికుంటు జబ్బు గురించి రాస్తన్నాను."

"ఆ పాత కంప్యూటరు మీకు ఎవరు అమర్చారు?"

"బొబ్బిలిలో పెళ్ళికార్డులు అచ్చేసే కుర్రోడు. ఆడి దగ్గరున్న తెలుగు అచ్చులే నా పెట్టిలోనూ ఎక్కించినాడు."

మాస్టారు "ఊఁ" అని లేచి, బీరువా అడుగు అరలోంచి బిస్కెట్ల డబ్బా ఒకటి తీశారు. అందులో పాత తెలుగు ఫాంట్లున్న, గీతలు పడ్డ డిస్కులు. పెళ్ళికార్డులన్నీ వాటి పుణ్యమా అని అచ్చయిన రోజులు గౌరీశ్వరి చూడలేదు. ఆమె పనిలోకి వచ్చేనాటికే తెలుగు అన్ని యంత్రాల్లోనూ దానంతటదే కనిపించడం మొదలైంది. అంతకుముందు తెలుగు అక్షరానికి యంత్రంలో సొంత చోటు ఉండేది కాదు. అది ఇంగ్లీషు అక్షరం చోటులో కూర్చునేది, దానికి తెలుగు రూపం తొడిగే ఫాంటు ఆ పెట్టెలో ఉంటేనే తెలుగై కనిపించేది. మాస్టారు ఒక ఫాంటు ఎక్కించారు. తెర మీద తెలుగు వచ్చింది గానీ ఒత్తులన్నీ చెదిరి, గుడులు ఎగిరిపోయి, మరీ హింసగా ఉంది. నాయుడుగారు కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు కంగారుపడలేదు. ఇంకో డిస్కు పెట్టారు, మళ్ళీ పేజీలన్నీ కలిపి పట్టి, రెండో ఫాంటు తొడిగారు.

తెర ఒక్క క్షణం తెల్లబోయి, నిండా తెలుగు నిలబడింది.

"ఓర్నాయనో!" అని నాయుడుగారు కుర్చీలోంచి లేచిపోయాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడం మర్చిపోయి, చంటిపిల్లాడిలా తెర మీద వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాడు. "పశువుకి నోరు లేదు. అది పదేపదే ఎటు చూస్తోందో వైద్యుడు ముందు అటు చూడాలి. డొక్కకేసి చూస్తోందంటే నొప్పి అక్కడే." చదివి, వెనక్కి తిరిగి, "ఇది నానే రాసినాను బాబూ!" అన్నాడు.

గౌరీశ్వరికి మాత్రం మౌసు నొక్కబోయిన తన వేలు తన వేలులా అనిపించలేదు. ఇంకొక్క నొక్కు. తొమ్మిదేళ్ళు పోయేవి, తను జాలిపడుతూనే పోగొట్టేది.

"నేను మూడుచోట్ల చూశాను మాస్టారూ, ఒక్క అక్షరం లేదు."

"ఒక్క అక్షరం పోలేదమ్మా. చూపించేది మన దగ్గర లేదు, అంతే" అన్నారాయన.

నాయుడుగారు ఇంక ఆ పెట్టెల్ని నమ్మనని, మొత్తం కాగితాల మీద తీసిమ్మని కూర్చున్నాడు. ప్రింటరు అలవాటు ప్రకారం ఆరో పేజీ దగ్గర కాగితం మింగి కీచుమంది. గౌరీశ్వరి మూత తెరిచి, నలిగిన కాగితాన్ని చివర పట్టుకుని మెల్లగా లాగుతోంది. దాని మీద, పదేపదే ఎటు చూస్తోందో ముందు అటు చూడాలన్న ఆ వాక్యమే మరోసారి, ఈసారి ఎడ్ల గురించి రాసింది, కనిపించింది. లాగుతున్న చెయ్యి ఆగిపోయింది.

"మాస్టారూ" అంది. "మా అత్త గొడుగుని కిటికీకేసి విసిరింది."

మాస్టారు కళ్ళజోడు తీశారు. "మంచం ఎక్కడ వేశారు?"

"కిటికీ పక్కనే. పోయిన నెలలో నేనే వేయించాను, గాలి తగుల్తుందని. పడమటి కిటికీ…"

పడమటి ఎండ నాలుగింటికి ఆ కిటికీలోంచి ఎక్కడ పడుతుందో ఆమెకి అప్పుడు కళ్ళకు కట్టింది. పక్కకి ఒత్తిగిల్లలేని మనిషి, తిన్నగా మొహం మీద ఎండ. ఆ గంటకి ఇంట్లో తనూ లేదు, భర్తా లేడు, పక్కింటావిడకి ఎండ సంగతి తట్టలేదు. నెల రోజులుగా గొడుగో గొడుగో అని మొత్తుకుంటుంటే, వాన లేదు కదా అని నవ్వుకున్నారు అందరూ. "అయ్యో అత్తా! అయ్యో నా తల్లీ!" అని గౌరీశ్వరి ఆ నలిగిన కాగితంతోనే నోరు మూసుకుంది. నాయుడుగారు ఏమైందోనని బిత్తరపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఆమె బల్ల మీదున్న దరఖాస్తుకేసి చూసింది, కలం కోసం వెతికింది. మాస్టారు ఆ దరఖాస్తుని నాలుగు మడతలు పెట్టి డిస్కుల డబ్బాలో పడేసి, మూత పెట్టారు. తర్వాత గోడ గడియారంకేసి చూశారు.

"టిక్కు తర్వాత పెట్టుకుందువు గానీ, ముందు వెళ్ళు" అన్నారు. "ఇంకా మూడున్నరే అయింది."