చెట్టు మొదట్లో చెక్కపొడి

ఒకప్పుడు చెట్టుకు పురుగు పడితే ఎవరికీ తెలిసేది కాదు. కాండం తొలిచే పురుగు లోపలికి దూరి, తొలిచిన పొడినే కంతకు అడ్డంగా కూరి, కడుపారా తినేది. ఆకులు పచ్చగానే ఉండేవి. ఏదో ఒకరోజు గాలి వీచేది, చెట్టు కూలేది. అందరూ గాలినే తిట్టేవారు.

ఆ రోజుల్లో ఒక కొండవాలున సోములమ్మ, ఆమె మొగుడు గాసయ్య కాపురం ఉండేవారు. ఇంటి పక్కన రెండు ఇప్పచెట్లు. ఎండాకాలం ఇప్పపువ్వే వాళ్ల తిండి, ఇప్పనూనే వాళ్ల దీపం. ఒక సాయంత్రం పెద్ద చెట్టు విరిగి గొడ్లపాక మీద పడింది. చూడి ఆవు దాని కిందే చచ్చిపోయింది.

సోములమ్మ కరువుతీరా ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని గాలిని నిలదీసింది.

"నేను ఎప్పటిలాగే వీచానమ్మా. చెట్టులోనే బలం లేదు, లోపలంతా డొల్ల" అంది గాలి.

విరిగిన మానులోకి చూస్తే నిజమే. వేలు దూరేంత సొరంగాలు, వంకరటింకరగా.

రెండో చెట్టును కొట్టేద్దామన్నాడు గాసయ్య. అది ఇంటి మీదే పడితే ఏం గతి అని అతని భయం. సోములమ్మ గొడ్డలి తీసి చూరులో దోపేసింది.

"ముందు దొంగ ఎక్కడున్నాడో చూడనీ. గొడ్డలి సంగతి తర్వాత" అంది.

చెట్టును అడిగింది. లోలోపల గీరుతోందని, ఎక్కడో మాత్రం చెప్పలేనని చెట్టు వాపోయింది. చీమలను అడిగితే, తమకు బెరడు దాకానే తెలుసన్నాయి. చివరికి వడ్రంగిపిట్టను బతిమాలింది. అప్పట్లో అది నేలమీద చీమలు ఏరుకు తినేది. ముక్కు నొప్పెడుతుందని కాసేపు గునిసింది. అయినా ఆమె మొహం చూడలేక చెట్టెక్కింది. ముక్కుతో కొడుతూ, ఆగి వింటూ పైకి పోయింది. ఒకచోట మోత మారింది. లోపల ఖాళీ ఉందని చెప్పింది.

అక్కడ బెరడు గీకితే పొడితో మూసుకున్న కంత కనిపించింది. సోములమ్మ ముల్లు పెట్టి పొడిచింది. సొరంగం వంపు తిరిగి ఉంది, ముల్లు అందలేదు.

అప్పుడామె బంకమట్టి తొక్కి, గాలి చొరకుండా మానంతా మెత్తింది. ఎండి పగిలితే మళ్లీ మెత్తింది. వాన కడిగేస్తే మళ్లీ మెత్తింది. అరచేతులు పుళ్లు పడ్డాయి. గాసయ్య కూడా తట్టతో మట్టి మోయడం మొదలుపెట్టాడు.

ఒక ఉదయం లోపలినుంచి సన్నటి గొంతు వినిపించింది.

"కాస్త తెరువమ్మా. ఊపిరాడటం లేదు."

"నా చెట్టును ఎందుకు తింటున్నావు?"

"నాకు చెక్క తప్ప ఇంకేదీ అరగదు. నేనలాగే పుట్టాను."

సోములమ్మ చేతిలోని మట్టిముద్ద కింద పెట్టింది. ఆకలి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

"తిను. కానీ దాచుకుని తినకు. తొలిచిన పొడంతా బయటికి నెట్టు, అందరికీ కనబడేలా. నువ్వూ, నీ జాతంతా" అంది.

"కనబడితే నన్ను పట్టుకుంటావు కదా?"

"పట్టుకుంటాను. తప్పించుకోవడం నీ పని. చెట్టును కాపాడుకోవడం నా పని."

పురుగు ఆలోచించింది. రేపెప్పుడో దొరకడం కంటే ఇప్పుడు ఊపిరాడకపోవడమే దానికి భయమనిపించింది. సరేనంది. సోములమ్మ మట్టి పెళ్ల ఊడదీసింది. తెల్లటి పొడి జలజలా ఆమె పాదాల మీద రాలింది.

పురుగు మాట నిలబెట్టుకుంది. మర్నాడు చెట్టు మొదట్లో కొత్త పొడి పడింది. సోములమ్మా తన మాట నిలబెట్టుకుంది. పొడి ఎక్కడినుంచి రాలుతోందో వడ్రంగిపిట్టకు చూపించింది. పిట్ట పురుగును లాగి మింగి, చీమలకంటే ఇదే రుచిగా ఉందంది. ఆ ఎండాకాలం ఇప్పచెట్టు సగం కొమ్మలకే పూసింది. ఆ పువ్వును ఇద్దరూ కలిసి ఏరుకున్నారు.

అప్పటినుంచే కాండం తొలిచే పురుగు పొడిని బయటికి నెడుతుంది. అప్పటినుంచే వడ్రంగిపిట్ట మానుమాను కొట్టి వింటుంది. ఆకులు ఎంత పచ్చగా ఉన్నా సరే, చెట్టు మొదట్లో చెక్కపొడి కనిపిస్తే లోపల ఎవరో ఉన్నట్టే.